బండి ముందు దిగిపోతే: అదనపు బరువు ఎక్కాక సస్పెన్షన్ మట్టం సరిచేసే లెక్క

మహీంద్రా థార్‌కు ఉక్కు బంపర్ బిగించి, దాని మధ్యలో వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మర) కూర్చోబెట్టిన మర్నాడు బండిని చదునైన గచ్చు మీద నిలిపి పక్క నుంచి చూస్తే తేడా తెలిసిపోతుంది. ముందు చక్రానికీ మడ్‌గార్డు అంచుకూ మధ్య నిన్నటిదాకా నాలుగు వేళ్లు దూరిన సందులో ఇప్పుడు మూడు వేళ్లే దూరుతాయి, వెనక భాగం కాస్త లేచినట్టు కనిపిస్తుంది. బ్రేకు వేస్తే ముందు భాగం మునుపటికంటే లోతుగా వంగుతుంది, స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు రబ్బరు స్టాపర్ తగిలిన మొద్దు చప్పుడు కింద నుంచి వినిపిస్తుంది. గ్యారేజీలో దీనికి వెంటనే దొరికే మందు స్పేసర్. స్ప్రింగు మీదనో, దాన్ని పట్టుకున్న మౌంటు మీదనో ఒక దిమ్మ పెడితే ముందు భాగం లేస్తుంది, పూట తిరక్కుండా పని పూర్తవుతుంది, బండి మళ్లీ సమంగా కనిపిస్తుంది. అయితే చప్పుడు చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. బండి ఎందుకు దిగిందో లెక్క చూడకుండా ఎత్తును మాత్రమే సరిచేయడం వల్ల వచ్చే చిక్కు ఇదే.

సస్పెన్షన్ స్ప్రింగును ఒక కాటాగా అనుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. కూరగాయల కొట్లో వేలాడే స్ప్రింగు త్రాసు బరువుకు తగ్గట్టు సాగుతుంది, బండి స్ప్రింగు బరువుకు తగ్గట్టు నొక్కుకుపోతుంది. అంటే ముందు భాగం 20 మిల్లీమీటర్లు దిగిందంటే ఆ కాటా మీద ఫలానా బరువు అదనంగా పడిందని అర్థం. స్పేసర్ పెట్టినప్పుడు ఆ కాటా కిందనో పైనో దిమ్మ చేరుతుందే తప్ప తూగే బరువు తగ్గదు, స్ప్రింగు కూడా గట్టిపడదు. అందుకే మట్టం సరిచేసే పని ఎత్తుతో కాకుండా బరువుతో మొదలు కావాలి.

అంతకుముందు మట్టం అన్న మాటకు అర్థం తేల్చుకోవాలి. చాలా వాహనాలను తయారీదారులు ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం కొద్దిగా ఎత్తుగా ఉండేలా నిలబెడతారు. వెనక సీట్లలో మనుషులు కూర్చుని, సామాను ఎక్కినప్పుడు ఆ ఎత్తు కరిగి బండి సమతలానికి వస్తుంది. ఈ సంగతి గమనించకుండా ఖాళీ బండిని గీత గీసినట్టు సమంగా నిలబెట్టడమే లక్ష్యంగా పెట్టుకుంటే, నలుగురు ఎక్కి సామాను వేసుకోగానే వెనక దిగి, ముందు లేచి, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి. కాబట్టి చేరవలసిన మట్టం కంటికి నచ్చిన గీత కాదు. యాక్సెసరీలు బిగించక ముందు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎత్తు ఎంతో, దానికే బండిని తిరిగి చేర్చాలి. దురదృష్టం ఏమిటంటే ఆ ఎత్తును ముందే కొలిచి రాసుకున్నవాళ్లు అరుదు. బంపర్ కొనే ముందు ఐదు నిమిషాలు కేటాయించి నాలుగు అంకెలు రాసిపెట్టుకుంటే తర్వాత జరిగే వాదనలు సగం తగ్గుతాయి.

కొలిచే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిస్తే టైర్లలో గాలి తేడా, టైరు అరుగుదల కూడా ఆ అంకెలో కలిసిపోతాయి. చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా పైకి మడ్‌గార్డు అంచు దాకా కొలిస్తే సస్పెన్షన్ ఎత్తు ఒక్కటే తెలుస్తుంది. జాకీ మీద నుంచి అప్పుడే దింపిన బండిని కొలవకూడదు, ఎందుకంటే చక్రాలు పక్కకు జారలేక టైర్లు నేలను పట్టుకుని బండిని కాస్త ఎత్తులోనే నిలబెడతాయి. నాలుగు మీటర్లు ముందుకూ వెనక్కూ నడిపి, బానెట్‌నూ వెనక బంపర్‌నూ రెండుసార్లు కిందికి నొక్కి వదిలాక కొలవాలి. ట్యాంకు ప్రతిసారీ ఒకే స్థాయిలో, వీలైతే నిండుగా ఉండాలి. గచ్చు నిజంగా సమంగా ఉందో లేదో తేల్చడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూసే నీళ్ల గొట్టం సరిపోతుంది. నాలుగు చక్రాలు నిలిచేచోట గొట్టంలో నీటి గీత చూసి, తేడా ఉన్నచోట పలచని చెక్క పెడితే ఏ షెడ్డులోనైనా నమ్మదగిన కొలత దొరుకుతుంది.

ఇక బరువు. లారీలు తూచే కాటా దీనికి చక్కగా పనికొస్తుంది. ముందు చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉంచి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి మరోసారి తూయిస్తే ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అన్నది తేలిపోతుంది. పెద్ద కాటాలు సాధారణంగా 5 లేదా 10 కిలోల మెట్లలో చూపిస్తాయి కాబట్టి ఒకటి రెండు కిలోల తేడా తెలియదు గానీ, బంపరూ వించూ కలిసి తెచ్చే తేడా అంత చిన్నది కాదు. పళ్లెమూ, దానికి ముందున్న దారీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి, లేకపోతే సగం ఎక్కిన బండి వాలి లెక్క తప్పుతుంది.

తూకంలో చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. ముందు బిగించిన సామాను 100 కిలోలైతే ముందు ఇరుసు మీద పెరిగే బరువు 100 కిలోల కంటే ఎక్కువ ఉంటుంది. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. బస్తాలు ఇరుసుకు ముందుకు జరిగితే కాడి ఎద్దుల మెడ మీద బరువుగా కూర్చుంటుంది, వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది. వించ్ ముందు ఇరుసుకు నేరుగా పైన కూర్చోదు, దానికి ముందుకు వేలాడుతూ ఉంటుంది. కాబట్టి అది ముందు ఇరుసును ఆనుకోలు చేసుకుని వెనక భాగాన్ని పైకి లేపుతుంది. 2020లో వచ్చిన థార్ రెండు ఇరుసుల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. బంపర్, వించ్, వాటి బిగింపులు కలిపి 100 కిలోలనీ, వాటి బరువుకేంద్రం ముందు ఇరుసుకు 650 మిల్లీమీటర్లు ముందు ఉందనీ అనుకుందాం. 100ను 3,100తో హెచ్చించి 2,450తో భాగిస్తే ముందు ఇరుసు మీద పెరిగే బరువు సుమారు 126 కిలోలని తేలుతుంది. ఆ ఎక్కువైన 26 కిలోలూ వెనక ఇరుసు మీద తగ్గుతాయి. అదే 100 కిలోలు ఇరుసులోపలి వైపు ఎక్కడో ఉంటే ఈ చిక్కు ఇంత ఉండేది కాదు. బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నదీ అందుకే లెక్కలోకి వస్తుంది.

ఈ తూకాన్ని ఎత్తులోకి మార్చడానికి స్ప్రింగు గట్టిదనం తెలియాలి. ఉదాహరణ కోసం చక్రం దగ్గర మిల్లీమీటరు నొక్కడానికి 3 కిలోల బరువు కావాలని అనుకుందాం. ముందు పెరిగిన 126 కిలోలు రెండు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 63 కిలోలు, అంటే ముందు భాగం 21 మిల్లీమీటర్లు దిగుతుంది. వెనక తగ్గిన 26 కిలోల్లో చక్రానికి 13 చొప్పున పోగా వెనక భాగం దాదాపు 4 మిల్లీమీటర్లు లేస్తుంది. రెండూ కలిసి ముందుకూ వెనక్కూ మధ్య 25 మిల్లీమీటర్ల వాలు, అంటే అంగుళం. కంటికి కనిపించే తేడాలో కొంత ముందు దిగడం వల్ల, కొంత వెనక లేవడం వల్ల వచ్చిందని ఈ లెక్క చెబుతుంది. ఆ మొత్తం అంగుళాన్నీ ముందు స్ప్రింగుల నెత్తిన వేసి సరిచేస్తే ముందు భాగం ఫ్యాక్టరీ ఎత్తుకంటే పైకి పోతుంది.

స్ప్రింగు దగ్గరి కొలతకూ చక్రం దగ్గరి కొలతకూ తేడా ఉండడం ఇంకో మెలిక. థార్ ముందు వైపు స్వతంత్ర డబుల్ విష్‌బోన్ ఏర్పాటు ఉంది, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి కిందొకటి రెండు ఆర్మ్‌లు విడిగా పట్టుకుంటాయి, స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి లోయర్ ఆర్మ్ మీద ఎక్కడో మధ్యలో నిలుస్తాయి. చక్రం ఆ ఆర్మ్ చివర ఉంటుంది కాబట్టి చక్రం పది మిల్లీమీటర్లు కదిలితే స్ప్రింగు అంతకంటే తక్కువే కదులుతుంది. ఆ నిష్పత్తి 0.6 అనుకుంటే, చక్రం దగ్గర 21 మిల్లీమీటర్లు లేపడానికి 12, 13 మిల్లీమీటర్ల మందం దిమ్మ చాలు. అంగుళం దిగింది కదా అని అంగుళం మందం స్పేసర్ పెడితే ముందు భాగం 40 మిల్లీమీటర్లకు పైగా లేస్తుంది, దిగిన బండి కాస్తా ముక్కు పైకెత్తి నిలబడుతుంది. వెనక వైపు ఉన్నది రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు, కాయిల్ స్ప్రింగులతో. అక్కడ ఈ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటుంది, ఎంత దిమ్మ పెడితే దాదాపు అంతే ఎత్తు వస్తుంది. ముందూ వెనకా ఒకే మందం దిమ్మలు బిగించి ఒకే ఫలితం ఆశించడం అందుకే పొరపాటు.

స్పేసర్లన్నీ ఒకటి కావు. ఈ భేదం చెప్పకుండా అమ్మడం వల్ల చాలా డబ్బు వృథా అవుతోంది. షాకు, స్ప్రింగు కలిసిన మొత్తం జోడీ నెత్తిన, మౌంటుకూ ఛాసిస్‌కూ మధ్య పెట్టే దిమ్మ ఒక రకం. ఇది బిగించడం సులువు, స్ప్రింగును విప్పనక్కర్లేదు. కానీ ఆ జోడీ లోపల ఏమీ మారదు. బరువుకు నొక్కుకుపోయిన స్ప్రింగు నొక్కుకుపోయే ఉంటుంది, షాకు రాడ్డు లోపలికి దిగినంత దిగే ఉంటుంది. గుంత ఎదురైనప్పుడు చక్రం పైకి లేవడానికి మునుపు 80 మిల్లీమీటర్ల జాగా ఉండి, బరువుతో 21 పోయి 59 మిగిలిందనుకుంటే, స్టాపర్ షాకు మీదే ఉన్న బండిలో ఈ దిమ్మ పెట్టాక కూడా మిగిలేది 59 మిల్లీమీటర్లే. బండి ఎత్తుగా కనిపిస్తుంది, స్టాపర్ మాత్రం అంతే త్వరగా తగులుతుంది. మొదట చెప్పిన చప్పుడు పోకపోవడానికి కారణం ఇదే. స్టాపర్ ఛాసిస్ మీద విడిగా ఉన్న బండిలో ప్రమాదం ఇంకోలా వస్తుంది: స్టాపర్ తగలక ముందే షాకు లోపల అడుగంటి, మౌంటు మీద దెబ్బ పడుతుంది. పైగా జోడీ మొత్తం కిందికి జరిగినందువల్ల చక్రం గాల్లోకి వేలాడినప్పుడు మునుపటికంటే కిందికి దిగుతుంది, ఆర్మ్‌ను చక్రానికి కలిపే బాల్ జాయింట్లూ, ఇంజను శక్తిని చక్రానికి చేర్చే సీవీ జాయింట్లూ డిజైనులో లేని కోణాల్లోకి వెళ్తాయి. రాళ్ల దారిలో ఒక ముందు చక్రం లేచి వేలాడుతుండగా యాక్సిలరేటర్ తొక్కితే సీవీ జాయింట్ విరిగేది సరిగ్గా అప్పుడే.

రెండో రకం దిమ్మ స్ప్రింగుకూ అది కూర్చునే పళ్లేనికీ మధ్య పెట్టేది. దీనికి స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి విప్పాలి, ప్రమాదకరమైన పని కాబట్టి తెలిసిన చేతులే చేయాలి. ఇందులో షాకు పొడవు మారదు. చక్రం పైకి లేచే జాగా, కిందికి దిగే జాగా రెండూ పాత లెక్కకు తిరిగి వస్తాయి. ఎత్తు సరిచేయడం ఒక్కటే కావాలనుకుంటే రెండింటిలో నిజాయితీ గల పద్ధతి ఇదే. దీనికీ హద్దుంది: స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు చుట్టలు ఒకదాన్నొకటి తాకేదాకా పోతుందేమో చూసుకోవాలి. స్ప్రింగు గట్టిదనం మాత్రం ఇందులోనూ మారదు, పెరిగిన బరువును పాత స్ప్రింగే మోస్తుంది.

శాశ్వతంగా పెరిగిన బరువుకు సరైన జవాబు బరువుకు తగిన స్ప్రింగు. దీని లెక్క చాలా అందంగా కుదురుతుంది. ముందు ఒక్కో చక్రం మీద స్ప్రింగు మోసే బరువు మొదట 450 కిలోలనుకుంటే, పై ఉదాహరణలో అది 513 అయింది, అంటే 14 శాతం పెరిగింది. అదే పొడవుతో 14 శాతం గట్టి స్ప్రింగు వేస్తే మిల్లీమీటరుకు 3 కిలోల చోట 3.42 కిలోలు పడుతుంది. పాత స్ప్రింగు 450 కిలోలకు 150 మిల్లీమీటర్లు నొక్కుకున్నట్టే కొత్తది 513 కిలోలకు అదే 150 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. ఎత్తు తిరిగి వస్తుంది, బండి ఊగే వేగం కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిలాగే సెకనుకు సుమారు 1.3 సార్లుగా నిలుస్తుంది. పాత స్ప్రింగుకు దిమ్మ పెట్టిన బండి ఇంతకంటే నెమ్మదిగా, బరువుగా ఊగుతుంది. ఎగుడుదిగుడు దారిలో ముందు భాగం నావలా తేలి దిగుతున్నట్టు అనిపించడానికి కారణం అదే. ఆస్ట్రేలియాలో దూరప్రయాణాల బండ్లకు సస్పెన్షన్ అమ్మేవాళ్లు మొట్టమొదట అడిగేది బంపర్ ఉక్కుదా, వించ్ ఉందా, వెనక ఎప్పుడూ ఎంత సామాను ఉంటుంది అని. ఒకే వాహనానికి వాళ్ల దగ్గర బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులుంటాయి. మన దగ్గర ఇంకా "రెండు అంగుళాల కిట్టా, మూడు అంగుళాల కిట్టా" అనే ప్రశ్నతోనే బేరం మొదలవుతోంది. ఆ ప్రశ్నలో బరువు ఊసే లేదు.

ఇక్కడ ఎప్పుడూ ఉండే బరువునూ అప్పుడప్పుడూ ఎక్కే బరువునూ విడదీయాలి. బంపర్, వించ్, రెండో బ్యాటరీ రోజూ బండి మీదే ఉంటాయి, స్ప్రింగును వాటికోసం ఎంచుకోవాలి. ఏడాదికి రెండుసార్లు ఎక్కే పైకప్పు గుడారం, నీళ్ల డబ్బాలు, 20 లీటర్ల డీజిల్ డబ్బా కోసం గట్టి స్ప్రింగు వేస్తే మిగిలిన మూడొందల అరవై రోజులు ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద టైరు నేలను సరిగా పట్టదు. వెనక భాగానికి ఇలాంటి అప్పుడప్పుడూ ఎక్కే బరువు ఎక్కువ కాబట్టి అక్కడ కాయిల్ స్ప్రింగు లోపల పెట్టే గాలి సంచులు ఉపయోగపడతాయి. ప్రయాణానికి ముందు గాలి కొట్టి, తిరిగొచ్చాక తగ్గించుకోవచ్చు. కుడి ఎడమ సంచులను ఒకే గొట్టంతో కలపడం మాత్రం తప్పు. మలుపులో బండి ఒకవైపు వాలినప్పుడు నొక్కుకున్న సంచిలోంచి గాలి రెండో సంచిలోకి పోయి, వాలును ఇంకా పెంచుతుంది. వేర్వేరు గొట్టాలు, వేర్వేరు వాల్వులు పెట్టించుకోవాలి.

కొందరు ముందు దిగిన బండిని సమం చేయడానికి వెనక ఉక్కు బంపరూ డబ్బాల స్టాండూ బిగిస్తారు. వెనక ఇరుసుకు 900 మిల్లీమీటర్లు వెనక 50 కిలోలు వేస్తే ముందు ఇరుసు మీద 18 కిలోలు తగ్గే మాట నిజమే, ముందు భాగం కాస్త లేచే మాటా నిజమే. కానీ బండి మొత్తం బరువు ఇంకో 50 కిలోలు పెరిగింది, అదీ రెండు చివర్లలో. చివర్లలో బరువు పెరిగిన బండి మలుపు తిరగడం మొదలుపెట్టడానికీ, తిరగడం ఆపడానికీ మొండికేస్తుంది. ఘాట్ రోడ్డులో వరుస మలుపుల్లో ఈ మొండితనం స్టీరింగు పట్టుకున్న చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

స్ప్రింగు మార్చి షాకులు పాతవే ఉంచడం చాలాచోట్ల జరిగే ఇంకో పొరపాటు. స్ప్రింగు బండిని మోస్తుంది, ఊగకుండా ఆపే పని షాకుది. బరువూ స్ప్రింగు గట్టిదనమూ చెరో 14 శాతం పెరిగినప్పుడు, అదే షాకు ఇచ్చే అదుపు నిష్పత్తి ప్రకారం దాదాపు 12 శాతం తగ్గుతుంది. దిమ్మ మాత్రమే పెట్టిన బండిలో ఈ తగ్గుదల 6 శాతమే. వినడానికి విచిత్రంగా ఉన్నా, సరైన స్ప్రింగు వేసిన బండికే మంచి షాకుల అవసరం ఎక్కువ. గట్టి స్ప్రింగు నొక్కుకున్నాక తిరిగి విచ్చుకునే బలం ఎక్కువ కాబట్టి షాకు విచ్చుకునే వైపు అదుపు పెరగాలి. బానెట్‌ను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగుతూ పోతే ఎత్తు ఎంత కచ్చితంగా ఉన్నా ఆ పని పూర్తయినట్టు కాదు.

పాత బండ్లలో కథ వేరు. 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈలో ముందు వైపు టార్షన్ బార్ ఉండేది. ఒక ఉక్కు కడ్డీ మెలితిరగడమే అక్కడ స్ప్రింగు. దాని చివర బోల్టు బిగిస్తే ముందు భాగం లేస్తుంది కాబట్టి ఖర్చులేని మందుగా దానికి పేరొచ్చింది. బోల్టు బిగించడం వల్ల కడ్డీ గట్టిదనం పెరగదు, అది నిలబడే చోటు మారుతుంది అంతే. బరువుతో దిగిన మేరకే బిగిస్తే ఫరవాలేదు, అంతకు మించి బిగిస్తే చక్రం కిందికి దిగే జాగా తరిగిపోయి, చిన్న గుంతలోకి దిగినా ఆర్మ్, దాన్ని ఇంకా కిందికి దిగకుండా ఆపే స్టాపర్‌కు కొట్టుకుంటుంది. మారుతి జిప్సీలో నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు. అక్కడ బరువుకు తగ్గట్టు ఒక పట్టీ అదనంగా చేర్చడం లారీ కమాన్లు చేసే ఏ షాపులోనైనా జరిగే పని. ఈ పట్టీ దిమ్మలా కాకుండా నిజంగానే కట్టను గట్టిపరుస్తుంది, అందుకే ఇది సరైన వైద్యం. కొత్త పట్టీ వంపు పాత కట్ట వంపుకు సరిపోవాలి. వంపు మరీ ఎక్కువైతే బరువంతా ఆ ఒక్క పట్టీ మీదే పడి, సెంటర్ బోల్టు దగ్గర విరుగుతుంది. పట్టీ చేర్చినప్పుడు యూ బోల్టులు కొత్తవి, తగిన పొడవువి వేయాలి. సాగిన పాత బోల్టుల్ని మళ్లీ బిగించడం ఎవరికీ క్షేమం కాదు.

ముందూ వెనకా కుదిరాక కుడి ఎడమల తేడా మిగలవచ్చు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, రెండో బ్యాటరీయో గాలి కంప్రెసరో కూడా అదే వైపు చేరితే ఆ మూల దిగుతుంది. ఆ ఒక్క మూలకు దిమ్మ వేస్తే సరిపోతుందని అనిపిస్తుంది గానీ, నాలుగు కాళ్ల మంచం విషయం గుర్తుంచుకోవాలి. ఒక కోడు కింద అట్ట పెడితే ఆ మూల మాత్రమే లేవదు, మంచం ఎదురుమూల కోడు మీదికి బరువు మార్చుకుంటుంది. బండి కూడా అంతే. కుడి ముందు మూలను ఎత్తితే ఆ చక్రం మీదా, ఎడమ వెనక చక్రం మీదా బరువు పెరుగుతుంది, మిగిలిన రెండింటి మీద తగ్గుతుంది. గీత సమంగా కనిపిస్తుంది గానీ తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే బండి ఒకవైపు లాగవచ్చు. సామాను చోటు మార్చి సరిచేయడానికి మొదట ప్రయత్నించాలి, 5 మిల్లీమీటర్ల లోపు తేడాను వదిలేయడమే మేలు.

ఎత్తు మారిన ప్రతిసారీ దానికి అతుక్కున్న పనులు కొన్ని ఉంటాయి. వీల్ అలైన్‌మెంట్ వాటిలో మొదటిది. డబుల్ విష్‌బోన్ ఏర్పాటులో ఎత్తుతో పాటు క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (చక్రం తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలడం), టో (చక్రాల ముందు అంచులు దగ్గరగానో దూరంగానో ఉండడం) మూడూ కదులుతాయి. టో మాత్రమే సరిచేసి పంపితే టైరు ఒక అంచున అరుగుతుంది, క్యాస్టర్ తగ్గిన బండి హైవే మీద నిటారుగా పోకుండా తచ్చాడుతుంది. మారుతి జిమ్నీ లాంటి బండిలో ముందు కూడా ఒకే గట్టి ఇరుసు ఉంటుంది. ఎత్తు పెంచితే ఇరుసు కాస్త తిరిగి క్యాస్టర్ తగ్గుతుంది, అడ్డంగా పట్టే రాడ్డు వల్ల ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. రెండోది బుష్‌లు. ఆర్మ్ చివర రబ్బరు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు మెలితిరుగుతుంది. బండి జాకీ మీద వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, కింద దింపగానే ఆ రబ్బరు మెలిపడిన స్థితిలోనే శాశ్వతంగా ఉండిపోతుంది. కొన్ని నెలల్లో బుష్ చిరుగుతుంది, ఈలోపు ఎత్తు కొలత కూడా తప్పుగా వస్తుంది. చక్రాలు నేల మీద, బండి దాని బరువు మీద నిలిచాకే ఆ బోల్టులు చివరి బిగింపు చూడాలి. పని జరుగుతున్నప్పుడు దగ్గరుండి చూడవలసిన ఒకే ఒక్క ఘట్టం ఏదంటే ఇదే.

హెడ్‌లైట్లు మూడోది. పై ఉదాహరణలోని 25 మిల్లీమీటర్ల వాలు 25 మీటర్ల దూరంలో వెలుగును దాదాపు 25 సెంటీమీటర్లు కిందికి దించుతుంది. ఆ వాలుకు అలవాటుపడి లైట్లు పైకి తిప్పించినవాళ్లు మట్టం సరిచేశాక మళ్లీ దించకపోతే ఎదురొచ్చే ద్విచక్రవాహనదారులకు నరకం. బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు ఉన్న బండ్లలో దాని సంగతీ చూడాలి. వెనక భాగం లేపితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది, బండి మాత్రం నిండుగా ఉంటుంది. ఎంత లేపామో అంత మేరకు దాని లింకును సర్దాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటోందో లేదో చూడడం రెండు నిమిషాల పని.

ఎంత మంచి స్ప్రింగు వేసినా మారని హద్దు ఒకటుంది. ఐదు తలుపుల జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, అనుమతించిన మొత్తం బరువు 1,545 కిలోలు. 70 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే మిగిలేది 65 కిలోలు. 100 కిలోల బంపరూ వించూ బిగించిన క్షణానే, సామాను ఒక్కటి కూడా వేయకుండానే ఆ హద్దు దాటిపోతుంది. గట్టి స్ప్రింగు బండిని నిటారుగా నిలబెడుతుంది గానీ బ్రేకుల్ని, ఇరుసుల్ని, బేరింగుల్ని, ఛాసిస్‌ను పెద్దవి చేయదు. బరువు ఎక్కువైందని దిగిపోయిన బండి చెప్పేది, స్ప్రింగు మార్చాక అది కూడా చెప్పడం మానేస్తుంది. ఈ కారణంగానే తూకం చీటీ చూడకుండా స్ప్రింగు ఎంచుకోకూడదు.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వాహనాల ముందు బిగించే క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. అవి తగిలినప్పుడు పాదచారులకు గాయాలు తీవ్రమవుతాయి, బండి ముందు భాగం నలిగి దెబ్బను పీల్చుకునే ఏర్పాటు కూడా దెబ్బతింటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. 2019 సవరణతో మారిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. ఉక్కు బంపర్ బిగించాలా అన్న ప్రశ్న స్ప్రింగు ఏది వేయాలన్న ప్రశ్నకు ముందే తేలాలి.

బరువు తగ్గించడం అన్నిటికంటే చవకైన సస్పెన్షన్ పని. 12,000 పౌండ్లు లాగే వించ్‌లో ఉక్కు తాడు తీసి సింథటిక్ తాడు వేస్తే ఒక్క దెబ్బతో 8 నుంచి 10 కిలోలు తగ్గుతాయి, అదీ అన్నిటికంటే ముందు వేలాడే చోట. వించ్‌ను ఛాసిస్‌కు దగ్గరగా, వీలైనంత వెనక్కి కూర్చోబెడితే ఇంకొంత కలిసొస్తుంది. ఇరుసు లెక్క ప్రకారం ముందు నుంచి తీసిన ప్రతి కిలో ముందు ఇరుసు మీద కిలోంపావు తగ్గిస్తుంది. ముందు భాగం 10 మిల్లీమీటర్లే దిగిన బండిలో ఈ రెండు మార్పులతో స్ప్రింగు ముట్టుకోవలసిన అవసరమే రాకపోవచ్చు.

కొత్త స్ప్రింగులు వేసిన రోజు కొలిచిన ఎత్తు చివరి ఎత్తు కాదు. మొదటి వెయ్యి కిలోమీటర్లలో అవి కొన్ని మిల్లీమీటర్లు సర్దుకుంటాయి, బుష్‌లూ మౌంటు రబ్బర్లూ వాటితో పాటు కుదురుకుంటాయి. అందుకని బిగించిన రోజు అలైన్‌మెంట్ తాత్కాలికంగా చూసి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ట్యాంకు నింపి, అదే గచ్చు మీద, అదే పద్ధతిలో నాలుగు మూలలూ మళ్లీ కొలవాలి. అప్పుడు వచ్చిన అంకెల్ని బంపర్ లేనప్పటి అంకెల పక్కన రాసి, తేడా 5 మిల్లీమీటర్లలోపు ఉంటే అలైన్‌మెంటూ హెడ్‌లైట్లూ చివరిసారి సరిచేయించి, బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో ఒకసారి చూసుకోవాలి.